ఇంగ్లీషులో 'అండి' లేదు

"నువ్వు చేరి మూడు వారాలైంది. ఒక్కసారి కూడా నాతో ప్లీజ్ అనలేదు. నేను నీ పనిమనిషిని కాదు."

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో నేను పార్ట్‌టైమ్ చేసే షాపులో, రోల్స్, శాండ్‌విచ్‌లు చేసిచ్చే డెలి కౌంటర్ వెనక, నాతో పాటు పనిచేసే పెద్దావిడ అన్న మాటలివి. మా అమ్మకన్నా పెద్దవారే. గొంతు పెంచలేదు. బ్రెడ్ కోసే కత్తి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి, నెమ్మదిగా అన్నారు. సారీ చెప్పాను. మొదట పట్టుకున్నది భయమే. స్టాంప్ 2, అంటే చదువు కోసం ఇచ్చే అనుమతి, మీద ఇక్కడ ఉన్న స్టూడెంట్లకి కాలేజీ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మళ్ళీ క్రిస్మస్ రోజుల్లో మాత్రం 40 చెయ్యొచ్చు. ఆ 20 గంటలు పోతే నా రూమ్ రెంట్ పోయినట్టే.

భయం తగ్గాక బాధ మొదలైంది. పాలు పోసే ఆయన్నీ, ఆటో నడిపే ఆయన్నీ కూడా 'అండి' అనకుండా పిలవని ఇంట్లో పెరిగినదాన్ని. నాకు మర్యాద తెలియదని ఎవరైనా అంటారని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంతకీ నేనన్నది "గివ్ మీ ద ట్రే." నా మనసులో ఆ మాట "కాస్త ఆ ట్రే ఇలా ఇవ్వండి" అనే. మనకి 'కాస్త' ఉంది, 'కొంచెం' ఉంది, 'ఒకసారి' ఉంది, అన్నిటికీ మించి 'అండి' ఉంది. కూరలో ఉప్పులా మర్యాద ఆ మాటలోనే కలిసిపోయి ఉంటుంది. విడిగా 'దయచేసి' అంటే రైల్వే స్టేషన్‌లో మైకు విన్నట్టుంటుంది. అదే ఇంగ్లీషులోకి మార్చేసరికి 'కాస్త' పోయింది, 'అండి' పోయింది, వట్టి 'గివ్' మిగిలింది. ఆవిడ చెవిన పడింది ఆ 'గివ్' ఒక్కటే. మూడు వారాల పాటు నేను ఆవిడని "ఏయ్, ఆ ట్రే ఇటివ్వు" అంటున్నానన్నమాట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాటి నుంచి కస్టమర్ల మాటలు చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. ఇక్కడ మధ్యాహ్నం అందరికీ చికెన్ ఫిల్లెట్ రోల్ కావాలి. బారు రొట్టె నిలువునా చీల్చి, బటరో మేయోనో రాసి, వేయించిన చికెన్ ముక్కలు పరిచి, పైన చీజ్, లెట్యూస్ వేసి, కాగితంలో బిగించి, మధ్యకి కోసి ఇవ్వాలి. సిమెంటు మరకల బూట్లతో వచ్చిన ఒకాయన ఒక్క రోల్‌కి ఐదుసార్లు థాంక్స్ చెప్పాడు. బటర్ రాసినప్పుడొకటి, చీజ్ వేసినప్పుడొకటి, చుట్టాక, చేతికిచ్చాక, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర మరొకటి.

అన్నిసార్లు అంటే ఆ మాటకి విలువేముంటుంది అని గింజుకున్నాను. మన దగ్గర అమ్మ అన్నం పెడితే థాంక్స్ చెప్పం. చెబితే లెక్క తీర్చేసి పరాయివాళ్ళమైపోయినట్టు. నిజంగా మేలు చేసినవాళ్ళతో "మీ ఋణం తీర్చుకోలేను" అంటాం, అంటే ఆ లెక్క ఎప్పటికీ అలాగే ఉంచుకుంటాం అని. అది చిన్న మర్యాదా? ఈ మాట ఆవిడతో అనాలని ఎన్నిసార్లనుకున్నానో. అంత ఇంగ్లీషు ఆ కౌంటర్ దగ్గర నా నోటికి రాదు.

కానీ బస్సు సంగతి వేరు. ఇక్కడ దిగేవాళ్ళు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతారు. స్కూలు పిల్లలు, ముసలివాళ్ళు, వానలో తడిసి విసిగిపోయి ఉన్నవాళ్ళు కూడా. మా ఊరి నుంచి కాలేజీకి నాలుగేళ్ళు ఆర్టీసీ బస్సులో తిరిగాను. ఆ డ్రైవర్లలో ఒక్కరి మొహం కూడా నాకు గుర్తులేదు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బస్సుల మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లీషుతో పాటు ఇక్కడి సొంత భాష ఐరిష్‌లోనూ ఉంటాయి. సిటీ సెంటర్‌కి వెళ్ళే బస్సు మీద 'అన్ లార్' అని రాసుంటుంది. ఆవిడకి కొంచెం ఐరిష్ వచ్చు. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు థాంక్స్‌ని ఐరిష్‌లో ఏమంటారని అడిగాను. 'గొ రవ్ మా అగత్' అట. మాటకి మాట విడదీస్తే "నీకు మంచి జరగాలి" అని. నాకు మా నాయనమ్మ "చల్లగా ఉండవే" అన్నట్టే వినిపించింది. ఐరిష్‌లో ఎస్‌కీ నోకీ విడిగా మాటల్లేవట కూడా. తిన్నావా అంటే తిన్నాననో తినలేదనో అనడమే, అచ్చం మనలాగే. ఆ రోజు టీ తాగుతావా అని అడిగితే వద్దన్నాను. మళ్ళీ అడిగారు, వద్దన్నాను. మూడోసారి అడగకుండానే కప్పు నా ముందు పెట్టారు. ఇక్కడ కూడా ఒకసారి వద్దంటే వద్దని కాదట.

ఇప్పుడు ప్లీజ్ నా నోటికి అలవాటైపోయింది. పోయిన వారం కొత్తగా ఒక తెలుగు కుర్రాడు చేరాడు. రద్దీ టైములో ఆవిడ వైపు చెయ్యి చాపి "గివ్ మీ ద నైఫ్" అన్నాడు. ఆవిడ భుజాలు బిగుసుకోవడం చూశాను. ప్లీజ్ అనరా అని వాడి చెవిలో చెబుదామనుకున్నాను. అంతలో వాడి మొహం చూశాను. తల కొంచెం వంచి, చాపిన కుడి చేతి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించి అడుగుతున్నాడు. ఆ 'గివ్'లో నాకు 'అండి' వినిపించింది. కత్తి నేనే తీసి వాడికిచ్చి, ఆవిడ దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను, ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక.