పని ఎక్కడ ఆపాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు మామూలు రోజుల్లో నేను చేపల కోసమే వెళ్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే తూర్పు తీరంలో వేట నిషేధం అమలులో ఉండే 61 రోజుల్లో మాత్రం, ఊరికే చూడడానికి వెళ్తాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది. మరబోట్లన్నీ జెట్టీ దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. కొన్నింటికి రంగులు వేస్తుంటారు, కొన్నింటి ఇంజన్లు విప్పుతుంటారు, నీడ ఉన్నచోటల్లా వలలు పరుచుకుని తెగిన కళ్లను మళ్లీ అల్లుతుంటారు. ఒక ఏడాది అక్కడ బోటు నడిపే ఒక సరంగుతో, రెండు నెలలు ఖాళీయే కదా అన్నాను. ఆయన నా వైపు కాస్త జాలిగా చూసి, "ఖాళీ ఏటి బాబూ, ఇప్పుడు సూసుకోకపోతే నడిసంద్రంలో సూసుకుంటామా?" అన్నాడు.

పగలు ఒక చిన్న డిజైన్ బృందాన్ని నడుపుతూ, మిగిలిన వేళల్లో కథలు రాసుకునే నాకు ఆ మాట చాలాకాలం గుర్తుండిపోయింది. నాయకులకైనా, రచయితలకైనా, చిత్రకారులకైనా మంచి అలవాట్లు చెప్పేవారంతా ముందుగా తెల్లవారుజామున లేవమంటారు. నేనూ లేచి చూశాను. వాహనాలను ఆపి నడిచేవారికి వదిలిపెట్టే ఆ వేళలో బీచ్ రోడ్డు మీద, మ్యూజియంగా మార్చి ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి పక్కగా నడిచి, ఏదో సాధించినవాడిలా ఇంటికి వచ్చి, బల్ల ముందు కూర్చునేవాణ్ని. కూర్చున్నాక నలభై నిమిషాలు నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కోవడానికే పోయేవి. బ్రాహ్మీ ముహూర్తంలో లేచి పాత కాగితాలు తిరగేయడానికి అంత శ్రమ దేనికని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఉదయం చెడిపోతున్నది ముందురోజు సాయంత్రమేనని, పని వదిలి లేచే తీరులోనే లోపం ఉందని నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పత్రంలో ఈ ఇబ్బందికి 'అటెన్షన్ రెసిడ్యూ', అంటే ధ్యాస మిగులు, అని పేరు పెట్టారు. ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు మన ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, ఆ మిగులు వల్ల కొత్త పని దెబ్బతింటుందని ఆమె చూపారు. 2018లో థెరెసా గ్లాంబ్‌తో కలిసి ప్రచురించిన మరో పత్రంలో, మధ్యలో లేవవలసి వచ్చినప్పుడు పని ఎంతవరకు వచ్చింది, తిరిగి రాగానే ఏం చేయాలి అన్నది క్లుప్తంగా రాసిపెట్టుకుంటే ఆ మిగులు తగ్గుతుందని తేల్చారు. మా నాన్నగారు కిరాణా కొట్టు మూసే ముందు మర్నాడు తేవలసిన సరుకుల చీటీ రాసి గల్లాపెట్టెలో పెట్టేవారు. ఆయన ఏ పత్రమూ చదవలేదు.

ఇప్పుడు నేను లేచే ముందు ఒక చీటీ రాస్తాను. అందులో "కథ పూర్తి చేయాలి" వంటి మాట ఉండకూడదు, ఎందుకంటే అది పని పేరు మాత్రమే, మొదటి అడుగు కాదు. "అల్లుడు గుమ్మం దగ్గర ఆగాడు, లోపల అత్తగారి దగ్గు వినిపిస్తుంది, అక్కడి నుంచి" అని ఉండాలి. కథ విషయంలో ఇంకొకటి కూడా చేస్తాను: తరువాతి రెండు వాక్యాలు స్పష్టంగా తెలుస్తుండగానే కలం మూసేస్తాను. ఊపు మీద ఉండగా ఆపడం మొదట్లో కడుపు నిండకుండా విస్తరి ముందు నుంచి లేచినట్టే ఉండేది. కానీ అంతా ఖాళీ అయ్యేదాకా రాసిన మర్నాడు తెల్లకాగితం ముందు పడే యాతనతో పోలిస్తే ఆ వెలితి ఎంతో నయం.

బృందం దగ్గర ఆపవలసింది పనిని కాదు, నోటిని. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక సమాచార ఫలకం నమూనా చూడగానే అందరికంటే ముందు నేనే "చాలా బాగుంది, పంపించేద్దాం" అన్నాను. పాత డీటీపీ ఫాంటులోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు రెండు చోట్ల వత్తులు తారుమారయ్యాయి. ఫలకం అచ్చయి, గోడకు ఎక్కిన తరువాత గానీ నాకు కనిపించలేదు. ఖర్చు మేమే భరించి మళ్లీ చేయించాం. బృందంలో అందరికంటే చిన్నమ్మాయిని పక్కకు పిలిచి అడిగితే, "నాకు ఆ రోజే కనిపించింది సార్. మీరు అప్పటికే బాగుందన్నారు కదా, ఇంకేం చెప్తాను" అంది. ఆ అమ్మాయి పిరికిది కాదు. ఆమె మాటకు చోటు లేకుండా చేసినవాణ్ని నేను. అప్పటి నుంచి సమావేశంలో అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి, నా అభిప్రాయం చివరన చెప్పాలని నియమం పెట్టుకున్నాను. పెద్దరికం ఉన్నవాడి మొదటి మాట అభిప్రాయంలా కాక తీర్పులా వినిపిస్తుందని అంతకుముందు నాకు తోచలేదు.

ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా స్థిరపడుతుందన్న ప్రచారాన్ని నమ్మి నేను రెండుసార్లు నిరాశపడ్డాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని, మధ్యస్థం 66 రోజులని అంచనా వేశారు. దాదాపు ఒక వేట నిషేధమంత కాలం, మరో అయిదు రోజులు అదనం. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదన్నది ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ఊరటనిచ్చిన విషయం, ఎందుకంటే పండగ పూట, జ్వరం పూట నా చీటీ తప్పుతూనే ఉంటుంది.

చీటీ అలవాటు కుదిరింది గానీ, చివరన మాట్లాడడం ఇప్పటికీ పూర్తిగా అబ్బలేదు. సోమవారం ఉదయాల్లో నేను ఉత్సాహంతో నోరు తెరవబోతే, ఆ అమ్మాయి తన పెన్ను మూతతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. నేను మంచినీళ్ల సీసా అందుకుంటాను.