ఎవురూ లేని కొండల్లోకి జనాన్ని తెచ్చిన పెయింటర్

ఆల్బర్ట్ బీర్‌స్టాట్ అని ఒక పెయింటర్, జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగినాయన, 1868లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్ని వేసినాడు, ఆరడుగుల ఎత్తు పదడుగుల వెడల్పు కాన్వాస్, అదీ రోమ్‌లో కూర్చోని. మంచు కొండలు, మబ్బుల్లోంచి దిగే వెలుతురు, కదలని చెరువు, నీళ్ళకాడికొచ్చిన జింకలు. మనిషి అనేవాడు ఒక్కడు లేడు. ఫోన్లో పెద్దది చేసుకోని ఆ నీళ్ళనే చూస్తా ఉండిపోతా నేను, అంత బాగుంటాది.

అదే సీన్‌ని 2006లో కెంట్ మాంక్‌మన్ మళ్ళీ వేసినాడు. కెనడాలో మానిటోబా వైపు క్రీ అనే మూలవాసుల తెగ మనిషి ఆయన. బొమ్మ పేరు 'ట్రాపర్స్ ఆఫ్ మెన్'. అవే కొండలు, అదే చెరువు, అదే వెలుతురు, కానీ ఇప్పుడు ఒడ్డంతా జనం. ఖండాన్ని కనుక్కున్నామని చెప్పుకున్న తెల్లదొరలు ఉండారు, వాళ్ళ పక్కన మాండ్రియన్, జాక్సన్ పొలాక్ లాంటి మోడరన్ ఆర్టిస్టులు కూడా ఉండారు, వీళ్ళందరి నడుమ నీళ్ళ మీద మిస్ చీఫ్ నిలబడి ఉంటాది. మిస్ చీఫ్ అంటే మాంక్‌మనే, ఆడ వేషంలో, తన బొమ్మల్లో తరచుగా హైహీల్స్ వేసుకోని వస్తాడు. చూసిన వెంటనే నవ్వొస్తాది, ఆ నవ్వు ఆగినాక మళ్ళీ బీర్‌స్టాట్ బొమ్మ తీసి చూస్తే అప్పుడు అనిపిస్తాది, అవునూ ఈ చెరువు గట్టున ఇంతకుముందు ఉన్నోళ్ళంతా యాడికి పోయినారు అని.

దానికి జవాబు చరిత్రలో ఉంది. 1851లోనే ఆయుధాలు పట్టుకున్న దండు ఒకటి ఆ కొండల్లోనే ఉండే యోసెమిటీ లోయలోకి పోయి అక్కడి తెగవాళ్ళని తరిమింది. 1846లో కాలిఫోర్నియాలో సుమారు లక్షన్నర మంది మూలవాసులు ఉంటే 1870 నాటికి మిగిలింది దాదాపు 30 వేలు, రోగాలు, ఆకలి, కాల్చిచంపడాలు అన్నీ కలిసి. అట్లాంటి కాలంలో వేసిన బొమ్మలో జింకలు మాత్రమే ఉండాయి. ఖాళీ జాగా అని చూపిస్తే అది ఎవురు తీసుకున్నా తప్పు కాదన్నట్టు ఉంటాది కదా, నాకు మాంక్‌మన్ మీద ఇంత అభిమానం రావడానికి కారణం ఇదే, ఆ ఖాళీ అబద్ధం అని ఆయన ఉపన్యాసం ఇవ్వకుండా నవ్వించి చూపించినాడు.

పెద్దోళ్ళ బొమ్మలతో ఈ ఆటలేంది అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు బీర్‌స్టాట్ అంత బాగా కొండ వెయ్యడం వస్తేనే ఈ ఆట కుదురుతాది. మబ్బు అంచు, నీళ్ళలో నీడ, దూరం పోయేకొద్దీ పలచబడే నీలం, ఇవన్నీ సరిగ్గా పడకపోతే చూసేవాళ్ళు ఆ లోకాన్ని నమ్మరు, నమ్మకపోతే లోపల చేసిన మార్పు తగలదు. అంత పని చేసే చెయ్యి కాబట్టే 2019లో న్యూయార్క్ మెట్ మ్యూజియం వాళ్ళు గ్రేట్ హాల్లో పెట్టడానికి 11 అడుగుల ఎత్తు 22 అడుగుల వెడల్పు బొమ్మలు రెండు ఆయన చేత వేయించినారు.

ఇట్లాంటివి వేరేవాళ్ళూ చేసినారు. ఇంగ్లాండ్ పెయింటర్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన గుర్రపుబండి బొమ్మ ఉంది కదా, 'ది హే వెయిన్', అందులో బండి మీద పీటర్ కెన్నార్డ్ 1980లో క్రూయిజ్ మిస్సైళ్ళు ఎక్కించినాడు. గోడల మీద బొమ్మలేసే బ్యాంక్సీ 2005లో ఫ్రెంచ్ పెయింటర్ మోనే వేసిన తామర కొలనులో షాపింగ్ ట్రాలీలు పడేసినాడు. రెండూ బాగుంటాయి, కానీ ఒక్క చూపుతో అయిపోతాయి. మాంక్‌మన్ బొమ్మలో ప్రతి మూలకీ ఒక కథ.

మన దేశానికి వస్తే డేనియల్స్ అనే ఇంగ్లీషు పెయింటర్లు, అంటే థామస్, ఆయన తోడబుట్టినాయన కొడుకు విలియం, 1786 నుంచి 1793 దాకా తిరిగి గీసుకున్నవి తర్వాత లండన్‌లో 144 ప్రింట్లుగా వచ్చినాయి. గుళ్ళు, కోటలు, కొండలు గొప్పగా ఉంటాయి, మనుషులు మాత్రం చాలావాటిలో కొలతకి పెట్టినట్టు కింద చిన్నగా ఉంటారు.

ఇదంతా మా మేనకోడలికి చూపించినా. బొమ్మలు వేస్తాది, తిరుపతిలోనే ఉంటాది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి శానాసేపు చూసి, "మామా, మన చంద్రగిరి కోటతో చేస్తే?" అనింది. ఆ కోట రాజుల ఏలుబడిలోనే 1639లో ఈస్ట్ ఇండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే మద్రాసు జాగాని అక్కడి నాయకుడు దామెర్ల వెంకటాద్రి దగ్గర రాయించుకున్నాడు. అందుకని పాత దొరల ప్రింట్ల స్టైల్లోనే రాజమహల్, వెనక రాళ్ళ కొండ, మసక మసక ఆకాశం, ముందర మాత్రం కంపెనీ దొరలు చేతిలో టోకెన్లు పట్టుకోని క్యూలో. వాళ్ళకంటే పెద్ద సైజులో, బొమ్మ మొత్తానికి ముందు, చెనిక్కాయలు అమ్మే అవ్వ, బుట్టలు అల్లే యానాదోళ్ళు, రాళ్ళు కొట్టే వడ్డెరోళ్ళు. "దొరలు వాళ్ళ సందుల్లోంచి తొంగి చూడాల మామా" అనింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, విషయం తనకి పట్టుబడింది.

పెన్సిల్ స్కెచ్ అయింది, రంగులు ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు కోట చుట్టూ తోట, కోనేరు, బోట్లు ఉండాయి, అవన్నీ రాకముందు ఆ జాగా ఎట్లుండిందో తనకి కావాల. చంద్రగిరిలో గానీ చుట్టుపక్కల పల్లెల్లో గానీ మీ ఇంట్లో పాత పెళ్ళి ఫోటోలో, స్కూలు ఎక్స్‌కర్షన్ ఫోటోలో వెనక ఆ కోట పడింటే ఒకసారి చూపించండి, మనుషులున్న ఫోటో అయితే మరీ మంచిది.