నీరు తీసే వేళ

గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి వైపు, చలికాలం గేలం వేయడమంటే నాకు ప్రాణం. చీకటితో లేవడం కంటే ఆటుపోట్లు చూసుకోవడం ముఖ్యం. నీరు తీస్తుంటే, అంటే పోటు తగ్గి నీరు సముద్రంలోకి వెనక్కి పోతుంటే, పిల్లకాలవల్లోని రొయ్యలు, చిన్న చేపలు ఉప్పుటేట్లోకి కొట్టుకొస్తాయి. వాటి కోసం పండుగప్ప చేప ఆ కాలవలు కలిసే మూల దగ్గరే కాచుకుంటుంది. "నీరు తీసినప్పుడే ఎర వెయ్యి బావూ" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన. అలాగే చేస్తే పడింది, చేతులు నొప్పెట్టేంత పెద్దది!

వదిలేశాను. పండుగప్ప ముందు మగది, పెరిగాక ఆడదవుతుంది. పెద్దవాటిలో చాలావరకు గుడ్లు పెట్టేవే. ఇంట్లో పులుసు కోసం చూస్తున్నారు, అయినా మనసొప్పలేదు. ఇప్పటికే మడచెట్లు తరిగిపోతున్నాయి, పిల్లచేపలకు నీడ అక్కడే కదా.

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రేపు కాస్త ఎండెక్కాకే బయల్దేరతాను. ఎవరైనా వస్తారా?