పోస్టర్ లాగ్: రెండు తోకల బెలూన్

మొదటి వారాంతం

డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. ఆలోపు భావ ప్రకటనా స్వేచ్ఛ మీద ఏ2 సైజు (420×594 మి.మీ.) పోస్టర్ ఒకటి పూర్తి చేయాలని కూర్చున్నాను. గంటలో పన్నెండు బొమ్మలు గీశాను. నోటికి ప్లాస్టర్, మైకు పట్టుకున్న పిడికిలి, విరిగిన పెన్సిల్... అన్నీ ఎక్కడో చూసినవే. విసుగొచ్చి వాటిని పక్కన పడేసి, 1948 నాటి ఐక్యరాజ్యసమితి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన తీసి 19వ అధికరణం చదివాను. ఉన్నది ఒక్క వాక్యమే. కానీ అది మాట్లాడేవాడి గురించి మాత్రమే కాదు. సమాచారాన్ని, ఆలోచనల్ని వెతుక్కోవడం, అందుకోవడం, ఇంకొకరికి చేరవేయడం, మూడూ హక్కులే. ఏ మాధ్యమంలోనైనా, ఏ సరిహద్దులు దాటి అయినా. నా పన్నెండు బొమ్మల్లోనూ నోళ్లూ చేతులే ఉన్నాయి, ఒక్క చెవి కూడా లేదు.

రెండో వారాంతం

కార్టూన్లలో మాటలు రాసే బెలూన్‌కి ఒక తోక ఉంటుంది కదా, నోటి వైపు. దానికి రెండో తోక పెట్టి చెవి వైపు తిప్పితే? ఐడియా నాకు తెగ నచ్చింది. ఇంక్‌స్కేప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) గీసి, ఏ4 మీద ప్రింట్ తీసి గోడకి అంటించాను. మా అమ్మాయి వచ్చి చూసి, "ఇదేంటి నాన్నా, పళ్ల డాక్టర్ బోర్డా?" అంది. నిజమే. రెండు తోకలూ కిందికే ఉండటంతో అచ్చం దవడపన్నులా ఉంది. ఒక తోకని కింద ఎడమకి, రెండోదాన్ని పైన కుడికి మార్చాను. అప్పుడు పన్ను పోయి బెలూన్ మిగిలింది.

మూడో వారం

ఎక్కువ టైమ్ తిన్నది అక్షరాలే. "స్వేచ్ఛ" చూడటానికి రెండక్షరాలే గానీ పైన ఏత్వం, కింద వ వత్తు, పక్కనే ఛ వత్తు. ఇంగ్లీషుకి సరిపోయే 120 శాతం లైన్ స్పేసింగ్ పెడితే వత్తులు వెళ్లి కింది లైన్ గుడుల మీద కూర్చున్నాయి. 160 దాకా పెంచితే గానీ ఊపిరాడలేదు. మొదట తీసుకున్న లావు ఫాంట్‌లో ఛ వత్తు ముద్దలా కనిపించింది. అందుకే నోటో సాన్స్ తెలుగు బోల్డ్‌కి మారాను.

ఇక సిగ్గుపడాల్సిన సంగతి. మొదటి మూడు డ్రాఫ్టుల్లో ఛ వత్తుకి బదులు చ వత్తు పెట్టి "స్వేచ్చ" అని కొట్టాను. అక్షరాలన్నీ పాత్‌గా (అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మగా) మార్చేశాక ఒక మిత్రుడు పట్టుకున్నాడు. పాత్‌గా మారిస్తే ప్రింటింగ్ వాళ్ల కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోయినా వత్తులు విడిపోవు, మంచిదే. కానీ ఆ తర్వాత టైపు చేసి దిద్దడం కుదరదు. మార్చే ముందు ఫైల్‌కి ఒక కాపీ ఉంచుకోండి. నేను ఉంచుకోలేదు. శీర్షిక మళ్లీ మొదటి నుంచి కూర్చాను.

అదే మిత్రుడు ఇంకో ప్రశ్న వేశాడు: "నోటికొచ్చినట్టు తిట్టినా స్వేచ్ఛేనా?" దానికోసం 1966 నాటి ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక తిరగేశాను. అందులోనూ ఇది 19వ అధికరణమే, యాదృచ్ఛికమో ఏమో. మూడో పేరా హద్దుల గురించి. ఇతరుల హక్కులు, పరువు, దేశ భద్రత, ప్రజారోగ్యం లాంటి కారణాలకి హద్దు పెట్టొచ్చు, కానీ అది చట్టంలో ఉండాలి, అవసరమైనదై ఉండాలి. ఈ మాట వదిలేస్తే పోస్టర్ సగం నిజమే చెప్పినట్టు అనిపించింది. పోస్టర్ అడుగున 16 పాయింట్ల సైజు అక్షరాల్లో ఈ హద్దుల గురించి ఒక లైన్ చేర్చాను. డిజైన్ కొంచెం చెడింది, ఒప్పుకుంటాను.

ఈ వారం

రంగులు రెండే: నలుపు, నారింజ. స్క్రీన్ మీద మండిపోయిన నారింజ సీఎంవైకేలోకి (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి) మార్చగానే ఇటుక రంగుకి దిగింది. అందులో మెజెంటా (గులాబీ సిరా) తగ్గించి కొంత రాబట్టాను. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపి 426×600తో స్క్రైబస్ అనే పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ నుంచి పీడీఎఫ్ తీశాను. నిన్న ఏ3 ప్రూఫ్ (సరిచూసుకోడానికి తీసే నమూనా ప్రింట్) వచ్చింది. పది అడుగుల దూరం నుంచి శీర్షిక చదవగలిగాను. దగ్గరికెళ్లి ముందుగా చూసింది ఛ వత్తునే. అడుగున ఉండే ఆ చిన్న గీత విడిగా, శుభ్రంగా పడింది.