తాను పట్టి చూసిన మనిషి

మహబూబ్‌నగర్‌లో మా నాన్నగారు ఒక బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. గుడ్డ తాను అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, అందులో నూలు ఎంతో పాలిస్టర్ ఎంతో చెప్పేవారు. కొన్న ధరను చీటీ మీద అక్షరాల గుర్తుల్లో రాసుకుని, బేరమాడేవారికి ఎంతవరకు తగ్గించవచ్చో ఆ గుర్తు చూసి తేల్చుకునేవారు. జర్మనీ డిపార్ట్‌మెంట్ స్టోర్ల చరిత్ర చదువుతూ గెయోర్గ్ కార్గ్ దగ్గర నేను ఆగిపోవడానికి కారణం అదే. ఆయన కూడా జౌళి సరుకు ఎరిగి పైకి వచ్చినవాడు.

1888లో పుట్టిన కార్గ్, బెర్లిన్‌లో అడోల్ఫ్ యాండోర్ఫ్ దుకాణాల్లో ఎదిగాడు. 1907లో కాడేవే అనే పేరుమోసిన దుకాణాన్ని తెరిచినది ఈ యాండోర్ఫే. ఆయన 1926లో వ్యాపారమంతా హెర్మన్ టీట్స్ సంస్థకు అమ్మేయడంతో, దుకాణాలతోపాటే కార్గ్ కూడా కొత్త యజమానుల కిందికి వచ్చి, జౌళి కొనుగోళ్ల బాధ్యత చేపట్టాడు. ఆ సంస్థకు మూలం, బంధువు హెర్మన్ పెట్టుబడితో ఆస్కర్ టీట్స్ 1882లో గేరా పట్టణంలో తెరిచిన చిన్న దుకాణం. అక్కడ బేరం లేదు, అరువు లేదు, చీటీ మీద ఉన్నదే ధర. ఈ మాట చెబితే నాన్నగారు, "మా కాడైతే బోణీ కూడ కాకపోవు" అని నవ్వారు.

టీట్స్ కుటుంబం యూదులది. 1933లో నాజీలు అధికారానికి వచ్చాక బహిష్కరణ పిలుపుతో అమ్మకాలు పడిపోయాయి. అప్పుల ఒత్తిడిలో ఉన్న సంస్థను బ్యాంకులు తమ చేతిలోకి తీసుకుని, హెర్టీ అనే కొత్త కంపెనీని నిలబెట్టాయి. హెర్మన్‌లోని మొదటి అక్షరాలు, టీట్స్‌లోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. మనుషులను వెళ్లగొట్టి వారి పేరు ముక్కలను మాత్రం అట్టిపెట్టుకున్నారు. దాని నిర్వహణకు ఎంపికైనవాడు కార్గ్. మరుసటి ఏడాదికల్లా టీట్స్ కుటుంబం పూర్తిగా బయటికి పోవలసి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో కార్గ్ వాటాలు కొంటూ వచ్చి, చివరికి తానే యజమాని అయ్యాడు. పనితనం లేనివాడికి ఆ కుర్చీ దక్కేది కాదన్నది ఒప్పుకుంటాను. అయితే ఎవరిని లేపి ఖాళీ చేయించారో తెలిసే ఆయన అందులో కూర్చున్నాడు కాబట్టి, దాన్ని అదృష్టమని నేను అనలేను.

యుద్ధం తర్వాత తూర్పు భాగంలోని దుకాణాలు చేజారినా, పశ్చిమ జర్మనీలో హెర్టీని మళ్లీ పెద్ద సంస్థల వరుసలో నిలబెట్టి, కార్గ్ 1972లో మరణించాడు. ఈ మధ్యలో 1949లో టీట్స్ వారసులతో ఒక ఒప్పందం కుదిరింది: మ్యూనిక్, స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూయే నగరాల్లోని దుకాణాలు వారికి తిరిగి దక్కాయి, వాటినే హెర్టీ మళ్లీ అద్దెకు తీసుకుంది.

ఇదంతా విని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు: "మరి కిరాయి ఎంతని రాసుకున్నరట?"