మిగ్ ఇంకా రిటైర్ కాలేదంట

"మా దేశానికి దుడ్లు లేవు మామా, అందుకే పాతదే ఎగురుతాంది" అన్నాడు మా అక్క కొడుకు, నోటుబుక్కులోంచి తలెత్తకుండానే.

అనంతపురం ఎండకి బయటికి పోనీకపోతే, వాడొక దేశాన్నే పుట్టించుకున్నాడు. దానికో వైమానిక దళం, పేజీకో దశాబ్దం. తోకమీద గుర్తేమో శెనక్కాయ! (ఏ ఊరోడో చెప్పాల్నా?)

1960ల పేజీలోని డెల్టా (ముక్కోణం) రెక్కల విమానమే 2020ల్లోనూ ఉంది. రెక్క కింద ఇంకో క్షిపణి తగిలించినాడు, అంతే.

నవ్వబోయి ఆగినా. మన వైమానిక దళం యుద్ధవిమానం మిగ్-21 మాత్రం? 1963లో వచ్చింది, 2025 సెప్టెంబరులో సెలవు తీసుకుంది. పిల్లోడి కట్టుకథే నయం, నమ్మేట్టుంది.

1970ల పేజీలో వాళ్ల సొంత ఫైటరంట, సన్నగా భలే ఉంది. మన దేశంలోనే తయారైన యుద్ధవిమానం మారుత్ గుర్తొచ్చింది. జర్మన్ విమాన ఇంజనీరు కుర్ట్ టాంక్ అంతటోడు వచ్చి డిజైన్ చేసినాడు. ధ్వనికి రెండింతల వేగంతో పోవాలనుకున్న విమానం అది. తగిన ఇంజిన్ దొరక్క, సగం వేగంతోనే సరిపెట్టుకుని 1990 దాకా ఈదుకొచ్చింది.

"ఇంజిన్ ఎవరిస్తార్రా మీకు?" అని అడిగినా.

"అది బొమ్మలో కనపడదు గదా మామా!"