పిల్లలుగా వచ్చినవారికి దారి ఏది?

తల్లిదండ్రుల వెంట పత్రాలు లేకుండా అమెరికాకు చేరిన పసివారిని నేరస్థులుగా చూడటం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించిన డాకా (బాల్యంలో వచ్చినవారిపై చర్యను వాయిదా వేసే పథకం), పదహారేళ్లు నిండకముందే వచ్చి, 2007 నుంచి అక్కడే నివసిస్తూ, చదువు, నేరచరిత్రలకు సంబంధించిన షరతులకు లోబడినవారికి రెండేళ్ల చొప్పున దేశబహిష్కరణ నుంచి ఊరటను, ఉద్యోగం చేసుకునే అనుమతిని ఇచ్చింది గానీ పౌరసత్వానికి దారి చూపలేదు.

ఇంతటి నిర్ణయాన్ని చట్టసభే తీసుకోవాలన్న విమర్శకుల వాదనలో బలం ఉంది. అయితే ఇలాంటి పిల్లలకు శాశ్వత చట్టబద్ధ హోదాకు దారి చూపేందుకు 2001లోనే కాంగ్రెస్ ముందుకు వచ్చిన డ్రీమ్ బిల్లు, 2010లో ప్రతినిధుల సభ ఆమోదం పొందికూడా సెనేట్‌లో ముందుకు సాగేందుకు అవసరమైన 60 ఓట్లు దక్కక ఆగిపోయింది. 2020లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ట్రంప్ ప్రభుత్వం తలపెట్టిన డాకా రద్దును అడ్డుకున్నప్పటికీ, రద్దు చేసిన పద్ధతినే తప్పుపట్టింది తప్ప ఆ పథకానికి శాశ్వత రక్షణ కల్పించలేదు.

మన తెలుగు కుటుంబాలు ఈ చర్చను పరాయిదిగా భావించరాదు. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసాపై చట్టబద్ధంగా వచ్చి అక్కడే పెరిగిన పిల్లలు, గ్రీన్‌కార్డు వరుస కదలక, 21 ఏళ్లు నిండగానే ఆ హోదాను కోల్పోతున్నారు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా ఉన్నవారికి డాకా వర్తించదు కూడా.